అన్న మాట

ఐసీయూలో ఉన్న మనిషిని చూడడానికి సాయంత్రం పూట ఒక్కరినే వదులుతారు. అదీ పట్టుమని పది నిమిషాలు. ఆ ఒక్కరు కట్టుకున్న పెళ్లామే అయి ఉండాలని ఆసుపత్రి వాళ్లు ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే బాగుండేదని లోకేశ్వరికి ఈ వారంలో వెయ్యిసార్లు అనిపించింది.

ఆమె మొగుడు ఢిల్లీబాబు తలుపు అవతల, మెడలో గొట్టంతో, మిషను పెట్టే ఊపిరితో పడుకుని ఉన్నాడు. తలుపు ఇవతల ఇనుప కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఢిల్లీబాబు అక్క శకుంతలమ్మ, పాసు గుప్పిట్లో పట్టుకుని, ఈ పూట ఎవరు లోపలికి పోవాలో తీర్మానం చేస్తోంది.

"లోకా, ఈ పూట కల్లూరత్తని పోనీ. ఆయమ్మ కొండకి పొయ్యి దిగతా దిగతా మన కోసరం ఈడికొచ్చింది. ముసలామె. మళ్లీ ఎప్పుడొస్తాదో ఏమో."

"నేనెప్పుడు పొయ్యేది వదినా?"

"నువ్వు ఈడ్నే ఉండావు గదా. రేపు పోదువులే."

రేపు ఇంకెవరో వస్తారని లోకేశ్వరికి తెలుసు. ఇక్కడే ఉంది కాబట్టి ఎప్పుడైనా చూడొచ్చట, ఎప్పుడైనా చూడొచ్చు కాబట్టి ఈ పూటకు అక్కర్లేదట. ఈ లెక్క ప్రకారం ఇరవైనాలుగ్గంటలూ తలుపు దగ్గర కాపలా కాసే పెళ్లానికి మొగుడి మొహం చూసే వంతు ఎప్పటికీ రాదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కానీ పెద్దావిడ, పైగా నెత్తిన గంధంతో, చేతిలో లడ్డు సంచీతో ఎదురుగా నిలబడి ఉంది. ఏమంటుంది?

తిరుపతిలో ఆసుపత్రి పాలైతే వచ్చే తిప్పలు ఇంకో ఊళ్లో రావు. వేరే ఊరైతే చుట్టాలు బస్సు చార్జీ చూసుకుని ఫోన్లో పలకరించి ఊరుకుంటారు. తిరుపతి అయ్యేసరికి, మొక్కు ఎటూ ఉండనే ఉంది, తలనీలాలు ఇచ్చి దర్శనం చేసుకుని, అటునుంచి అటే ఢిల్లీబాబునూ చూసి పోదామనుకుంటారు. ఆ మహానుభావుడు కళ్లు తెరిస్తే గుండు, మూసి తెరిస్తే ఇంకో గుండు. ప్రతివాళ్లూ బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్సు పట్టుకొస్తారు. ముక్కులో వేసిన గొట్టంతో బతుకుతున్న మనిషికి బత్తాయిలు ఎవరు ఒలిచి పెడతారో ఒక్కరూ ఆలోచించరు.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఢిల్లీబాబుకు తెలివి పూర్తిగా ఉంది. ఈ సంగతి ఎంత చెప్పినా ఎవరి బుర్రకూ ఎక్కదు. మాట్లాడని మనిషికి వినపడదని వాళ్ల నమ్మకం. ఆయన మొహం మీదికి వంగి, "ఎట్లాంటి మనిషి ఎట్లయిపొయినాడు, దేవుడా" అని నోరు నొక్కుకుని ఏడ్చి వస్తారు. ఏడవకుండా వస్తే పలకరింపు పూర్తి కానట్టు.

ఆయనకు వచ్చింది నరాల జబ్బు. పెనుమూరు దగ్గర పల్లెలో మామిడి తోట, పాడి ఆవులు చూసుకుంటూ ఒక్కనాడు మంచాన పడని మనిషికి మామూలు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి కాళ్లు తిమ్మిరెక్కాయి. పొద్దున పాల క్యాను ఎత్తబోతే చేతులు పట్టు తప్పి పాలన్నీ నేలపాలయ్యాయి. చూస్తుండగానే ఆ నీరసం నడుముకెక్కింది, రొమ్ముకెక్కింది, ఊపిరిని పట్టుకుంది. జబ్బుల్ని తరమాల్సిన ఒంటి కాపలాదారులే ఆయన నరాల మీద పడ్డారని, పోయిన బలం తిరిగి వస్తుందని, కాకపోతే చాలా నిదానంగా వస్తుందని, అంతవరకూ మిషనే దిక్కని డాక్టర్ అమర్‌నాథ్ చెప్పాడు.

కళ్లు ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఇది నర్సు జాహ్నవి నేర్పిన భాష. సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఆ పిల్లకు ఓపిక ఎక్కువ. చుట్టాల తాకిడి లేని మొదటి రోజుల్లో లోకేశ్వరి ఆ పది నిమిషాలూ ప్రశ్నలతోనే గడిపేది. దోమ కుడతా ఉందా? దిండు ఎత్తాలా? ఆవుల సంగతా? ఒకసారి కళ్లు మూసుకునేవి. "కర్రావు ఈనింది మామా, పెయ్యదూడ. నీ మాదిరే మొండిది, నిలబెట్టినాక గానీ తాగలా" అని చెబితే ఆయన కళ్లు నవ్వాయి. మూతి కదలకపోయినా ఆయన నవ్వాడని ఆమెకు తెలిసింది.

బలం కొద్దికొద్దిగా వస్తోందని చూసి, పొద్దునపూట మిషను తీసి ఆయనంతట ఆయన్ను ఊపిరి తీసుకోనివ్వడం మొదలుపెట్టారు. ముందు కాసేపు, తరువాత అరగంట, ఆపైన ఒక పూట. ఇట్లాగే పోతే తొందర్లోనే వార్డుకు మారుస్తామని డాక్టరు అన్నాడు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ పని చేసుకుంటూ ఆదివారాలు వచ్చిపోయే కూతురు మహితకు ఆ మాట ఫోన్లో చెబుతూ లోకేశ్వరి మొదటిసారి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడు వచ్చాడు పరంధామయ్య.

పరంధామయ్య ఢిల్లీబాబుకు తోడబుట్టిన అన్న. ఇళ్లు పక్కపక్కనే, మాటల్లేక పదేళ్లు దాటింది. ఢిల్లీబాబు మామిడి తోటకు ట్రాక్టరు పోవాలంటే అన్న వరి కయ్య పక్కనుంచి పోవాలి. ఒక ఏడు కాయ కోతల కాలంలో ఏదో మాటా మాటా పెరిగి, అన్న ఆ దోవకు అడ్డంగా రాతికూసాలు నాటించాడు. ఆనాటి నుంచీ ఒకరు టీ అంగట్లో ఉంటే ఇంకొకరు గడప తొక్కరు. ఒకే పెళ్లికి ఒకరు ముందురోజు, ఒకరు మర్నాడు పోయి వస్తారు. చివరికి తల్లి పోయిననాడు కూడా పాడెకు చెరోపక్క భుజం పట్టారే తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాంటి మనిషి అరటిపళ్ల గెలతో, ఎర్రబడిన కళ్లతో ఐసీయూ ముందుకొచ్చి నిలబడేసరికి శకుంతలమ్మ భోరుమంది. "నా తమ్ముళ్లు కలిసినారే, మా యమ్మ యాడుందో చూస్తా ఉంటాది" అని పాసు ఆయన చేతిలో పెట్టింది. లోకేశ్వరికి కూడా కడుపు నిండిపోయింది. ఇంత జబ్బు వచ్చినా దానివల్ల ఒక మంచి జరిగిందనుకుంది. పది నిమిషాల తరువాత పరంధామయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"మనసులో ఉండేదంతా చెప్పేసినానమ్మా. బాగా మాట్లాడినా వానితో."

అన్నకు కోపమొస్తుందని ఇన్నాళ్లూ రాకుండా ఆగిపోయిన చుట్టాలకు అడ్డు తొలగిపోయింది. పెద్దాయనే పోయి వచ్చాక ఇంక మనం పోకపోతే ఏం బాగుంటుందని అందరూ బయలుదేరారు. ఆ విధంగా లోకేశ్వరి తన పది నిమిషాలూ పోగొట్టుకుంది.

కల్లూరత్త వచ్చిపోయిన మర్నాడు పొద్దున డాక్టరు ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, ఇంట్లో ఏమైనా జరిగిందా? ఈ మధ్య మిషను తీస్తే ఆయన కాసేపటికే వదిలేస్తున్నాడు. ఛాతీలో బలం ఉంది, కొలిచి చూశాను. ప్రయత్నం లేదు. కళ్లనీళ్లు పెట్టుకుని అట్లా పడి ఉంటున్నాడు."

"బలముంటే ఎందుకు తీసుకోడు సార్?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆయన మిషను మీద ఎక్కువకాలం ఉండే కొద్దీ ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం. అది పట్టుకుంటే నేను ఏమీ చెప్పలేను. తొందరగా బయటికి రావాలి. మీరు రోజూ ఆయనతో మాట్లాడుతున్నారు కదా?"

లోకేశ్వరి తల వంచుకుంది. ఏమని చెప్పాలి? నా మొగుడితో మాట్లాడే వంతు నాకు రావడం లేదు సార్, గుండ్ల వరస అయిపోయాక వస్తుంది అని చెప్పాలా?

ఆ సాయంత్రం ఎవరినీ అడక్కుండా పాసు లాక్కుని తానే పోయింది. ఢిల్లీబాబు పైకప్పు చూస్తూ ఉన్నాడు. ఆమెను చూడగానే పెదాలు కదిపాడు. కదపడం ఇప్పుడిప్పుడే చేతనవుతోంది. మెడలో గొట్టం ఉంది కాబట్టి శబ్దం రాదు. నోరు తెరిచాడు, నాలుక పైకి పోయింది, మళ్లీ తెరిచాడు. ఆమె వంగి చూసింది. మళ్లీ అదే చేశాడు.

"అన్న... అన్నమా? అన్నం గావాల్నా మామా? ఆకలైతా ఉందా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. మూసుకుని చాలాసేపు తెరవలేదు. అవునన్నాడనుకుంది లోకేశ్వరి. ఆమె గుండెలో దీపం వెలిగినట్టయింది. అన్నం అడిగాడంటే ఆశ పుట్టినట్టే కదా!

ఇక చూడాలి ఆ ఆసుపత్రి వాళ్ల అవస్థ. గొట్టంలో పోసే ఆ తెల్ల నీళ్లకు మనిషి నీరసించిపోయాడని, నోటికి రుచి తెలిసేలా ఏదైనా పెట్టాలని ఆమె జాహ్నవితో వాదించింది. ఇప్పుడు నోట్లో పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఆ పిల్ల ఓపికగా చెప్పింది. ఆహారం చూసే ఆమెతో వాదించింది. డాక్టరుతో కూడా వాదించింది. "ఆకలి మంచిదేనమ్మా, కానీ పొద్దున కూడా మిషను తీస్తే వదిలేశాడు" అని ఆయన తన దారిన పోయాడు. శకుంతలమ్మ తమ్ముడు అన్నం అడిగాడని విని ఎవరింట్లోనో వంట చేయించి, పప్పుచారుతో సహా క్యారియరు పట్టుకొచ్చి, తలుపు దగ్గర సెక్యూరిటీ అతనితో పెద్ద రభస చేసింది. చివరికి ఆ అన్నం పరంధామయ్యే మెట్లమీద కూర్చుని తిన్నాడు. అన్నదమ్ములు కలిసిన నాటి నుంచీ ఆయన ఊరికి పోలేదు. మందులు తేవడం, రక్తపరీక్షల కాగితాలు తేవడం అన్నీ ఆయనే. ఆ మంచితనం చూస్తే లోకేశ్వరికి ముచ్చటేసేది.

ఆమెకు మాత్రం ముద్ద దిగడం లేదు. మర్నాడు మధ్యాహ్నం మహిత ఫోన్లో కోప్పడితే ఆసుపత్రి వెనక క్యాంటీనుకు పోయి కూర్చుంది.

"అన్నమా, రాగి సంగటా అక్కా?" అన్నాడు వడ్డించే అతను.

"సంగటి," అంది లోకేశ్వరి. అని, ప్లేటు వైపు చాచిన చేయి అక్కడే ఆపేసింది.

ఢిల్లీబాబు నోట అన్నం అనే మాట తాను ఎప్పుడు విన్నది? పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ "సంగటి పెట్టుమే" అంటాడు. ఇంట్లో ఆ పూట ఉండేది వరి అన్నమైనా సంగటే అంటాడు. పెళ్లి పందిట్లో కూర్చోబోతూ కూడా "సంగటి తిని పోదాం పా" అంటాడని ఇల్లంతా ఎగతాళి చేస్తుంది. ఆయనకు ఆకలి అంటే సంగటి. నరాలు చచ్చుబడినంత మాత్రాన నాలుకకు అన్నం అనే మాట ఎక్కడినుంచి వస్తుంది?

ఆమె అక్కడే కూర్చుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా, శబ్దం లేకుండా పెదాలతో ఆ మాట అని చూసింది. అన్నం అంటే చివర పెదాలు కలవాలి. ఆయన పెదాలు కలవలేదు, తెరుచుకునే ఉన్నాయి.

అన్న. ఆయన అడిగింది అన్నను.

ఆ సాయంత్రం గుండుతో వచ్చినవాడు పెద్దమామ వరసాయన. శకుంతలమ్మ అప్పటికే పాసు ఆయన చేతికి ఇవ్వబోతోంది. లోకేశ్వరి మధ్యలో చేయి పెట్టి లాక్కుంది.

"ఈ పూట ఎవురూ పొయ్యేది లే. నేనే పోతా. రేపూ నేనే పోతా."

"ఏందే అది? పెద్దోళ్లని చూడనీకుండా..."

"చూడనీలేదని ఊరంతా చెప్పుకోండి వదినా. మైకు పెట్టి చెప్పుకోండి. నా మొగుడు లేసినాక అందురికీ ఇంటికొచ్చి కాళ్లకి దండం పెడతాడు. ఇప్పుడు మాత్రం గమ్మునుండండి."

శకుంతలమ్మ నోరు తెరిచి మూసేలోపల ఆమె లోపలికి పోయింది.

"మామా, నువ్వడిగింది అన్నం గాదు గదా?"

ఢిల్లీబాబు కళ్లు రెండుసార్లు మూసుకున్నాయి.

"అన్న. పరంధామ బావ."

ఒకసారి. కంటి కొసన నీళ్లు తిరిగి చెవిలోకి జారాయి.

"చూడాలంటావా ఆయన్ని?"

రెండుసార్లు.

"మరి ఏంది మామా?"

పెదాలు చాలాసేపు తడుముకున్నాయి. ఎందుకు, అన్నట్టు తోచింది.

"ఎందుకొచ్చినాడు అంటావా? నీకి ఒంట్లో బాగలేదని చూడను వచ్చినాడు. అంతే."

రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు, తొందరతొందరగా. ఆ కళ్లలో కోపం కనిపించింది. నాకు అబద్ధం చెప్పొద్దనే కోపం అది. లోకేశ్వరి ఆయన వైపునుంచి ఆలోచించి చూసింది. తల్లి పాడె దగ్గర మాట్లాడని అన్న, తన మంచం దగ్గరికి వచ్చి చేయి పట్టుకుని ఏడ్చాడు. ఆయన వెనకే, ఎన్నడూ రాని చుట్టాలంతా వరసపెట్టి వచ్చి మొహం చూసి ఏడ్చి పోతున్నారు. మాట్లాడలేక, కదల్లేక పడి ఉన్న మనిషికి దీని అర్థం ఏమిటి?

"బావ వచ్చినాడంటే... నువ్వింగ లేవవని అనుకుంటా ఉండావా మామా?"

ఒకసారి మూసుకున్నాయి. ఇక తెరుచుకోలేదు.

"లేస్తావు. డాక్టరు చెప్పినాడు లేస్తావని. నీకి బలమొచ్చింది, నువ్వే ఊపిరి తీసుకోకుండా వదిలేస్తా ఉండావంట. నా మీద ఒట్టు మామా."

ఆయన కళ్లు తెరిచి ఆమెను జాలిగా చూసి, నిదానంగా రెండుసార్లు మూశాడు. పెళ్లాం ఏదో ధైర్యం చెబుతోంది, చెప్పక ఏం చేస్తుంది అన్నట్టు ఉంది ఆ చూపు. టైమైందని సెక్యూరిటీ అతను తలుపు తట్టాడు. లోకేశ్వరికి ఆ తలుపు పీకి అవతల పారేయాలనిపించింది.

పరంధామయ్య ఎప్పటిలాగే మెట్లమీద ఉన్నాడు.

"బావా, ఆ దినం లోపల ఏం చెప్పినావు నువ్వు? ఒక్క మాట వదలకుండా చెప్పు."

ఆయన ఆమె మొహం చూసి బెదిరాడు. "మంచిగానే చెప్పినానమ్మా. దోవ నీదేరా అన్నా. కూసాలు పీకించేసినా, నీ ట్రాక్టరు నా కయ్య నడిమధ్యన పోనీ అన్నా. మహిత పెండ్లి నా చేతుల మీద జేస్తా, దిగులు పెట్టుకోవాకు అన్నా. లోకేశ్వరిని నా తోడబుట్టినదాని మాదిరి చూసుకుంటా, నువ్వు నిమ్మళంగా ఉండు అన్నా."

లోకేశ్వరి రెండు చేతులతో తల పట్టుకుంది.

"ఇంగ ఆ మనిషికి పోవడమొకటే మిగిలుండాది! అన్నీ సర్దిపెట్టి దోవ చూపించి వచ్చినావు గదా బావా!"

లోపల జరిగిందంతా చెప్పింది ఆమె, అన్న అంటే అన్నం అనుకున్న సంగతితో సహా. వింటున్న కొద్దీ పెద్దాయన మొహం పాలిపోయింది. "అయ్యో, నేను కడుపారా చెప్పినానే" అన్నాడు. ఆమెకు ఆయన మీద జాలి కలిగింది, కానీ జాలిపడే తీరిక లేదు.

"రేపు పొయ్యి ఆయనతో కొట్లాడు."

"ఎవురూ, నేనా?"

"నువ్వే. నేను లేస్తావంటే నమ్మలా. డాక్టరు చెప్పినా నమ్మలా. నువ్వు మంచిగా ఉన్నంతసేపూ నమ్మడు. ముందర మాదిరి తిట్టు."

"నావల్ల గాదమ్మా. కొండకి పొయ్యి సామి ముందర మొక్కొచ్చినా, ఇంగ వానితో కొట్లాట పెట్టుకోనని."

"ఆ పాపం నా మీదెయ్యి. మోకాళ్ల మెట్టు మోకాళ్లతో ఎక్కుతా, నా మొగుడు బతికితే. నువ్వు తిట్టు."

వెనకాలే వచ్చి అంతా విన్న శకుంతలమ్మ రొమ్ము బాదుకుంది. ఇన్నేళ్లకు కలిసిన తమ్ముళ్లను విడగొడతావా, నీకేం పైత్యమే అంది. పరంధామయ్య తువ్వాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, "వాని కోసరం మారినానమ్మా. మళ్లా వాని కోసరమే మారమంటావు" అన్నాడు చివరికి.

మర్నాడు లోకేశ్వరి డాక్టరు దగ్గరికి పోయి, ఇద్దర్ని ఒకేసారి వదలమని, మిషను తీసి చూసేది ఈ సాయంత్రం తమ ముందర చూడమని అడిగింది. ఎందుకో చెప్పింది. అమర్‌నాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మందులతో కానిది తిట్లతో అవుతుందంటారా? సరే. మెల్లగా తిట్టమనండి, పక్కన వేరే పేషెంట్లు ఉన్నారు."

జాహ్నవి మిషను గొట్టం తీసి, మెడ దగ్గర ఆక్సిజను మాత్రం పెట్టి పక్కన నిలబడింది. అన్నను చూడగానే ఢిల్లీబాబు మొహం వాడిపోయింది. అప్పుడే ఆఖరి చూపులు చూస్తున్నవాడిలా చూశాడు.

"ఏరా ఢిల్లీ, ఎట్లుండావు..." అని మెత్తగా మొదలుపెట్టాడు పరంధామయ్య. లోకేశ్వరి వెనకనుంచి చొక్కా పట్టి గుంజింది. పెద్దాయన గోడవైపు తిరిగి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, "కూసాలు మళ్లా నాటిస్తా ఉండా" అన్నాడు.

ఢిల్లీబాబులో చలనం లేదు. ఊపిరి పైపైన ఆడుతోంది. జాహ్నవి మిషను గొట్టం వైపు చేయి చాచింది. అది చూసి పరంధామయ్యకు ఏమనిపించిందో, ఒక్కసారిగా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఏందిరా అట్ల చూస్తావు? నువ్వు పోతావనుకోని, పాపమని దోవ ఇస్తానంటిని. డాక్టరు ఏం చెప్పినాడో తెలుసునా? లేస్తావంట! గుండ్రాయి మాదిరి లేసి తిరగతావంట! లేసేవానికి నేనెందుకియ్యాలరా దోవ? నా బుద్ధి గడ్డి తిని తొందరపడి కూసాలు పీకిస్తి. రేపే నాటిస్తా. నీ ట్రాక్టరు కొండ చుట్టుకోని పోనీ."

ఈ ముక్క లోకేశ్వరి నేర్పింది కాదు. ఢిల్లీబాబు కళ్లు అన్న మొహం మీద నిలిచాయి. రెప్ప వేయడం లేదు.

"నీ చెట్ల కొమ్మలు నా కయ్య మీదికి వాలినాయి, అవీ కొట్టేస్తా. ఎవురొచ్చి అడ్డం పడతారో చూస్తా. నీదంతా మొదట్నించీ అంతేలేరా. అమ్మకి నువ్వే ముద్దు. మంచి ఆవు నీకే తోలిచ్చింది. జొరమొస్తే నిన్ను ఒళ్లో పెట్టుకోనుండె, నన్ను గొడ్ల కాడికి తోలుతా ఉండె..."

అది పాఠం కాదు, ఎన్నేళ్లుగానో లోపల పడి ఉన్నది. లోకేశ్వరికి భయమేసింది. కానీ మంచం మీద మనిషి ముక్కుపుటాలు ఎగరడం ఆమె చూసింది. రొమ్ము పైకి లేచింది. దిగింది. ఇంకా పైకి లేచింది. మొహం ఎర్రబడింది. పెదాలు బిగుసుకుని, గుండ్రంగా తిరిగి, ఏదో అన్నాయి.

"ఏమంటున్నారక్కా?" అంది జాహ్నవి.

లోకేశ్వరి ఈసారి తొందరపడలేదు. దగ్గరికి వంగి, ఆ మూతి మళ్లీ కదిలేదాకా ఆగి చూసింది.

"కోర్టా? కోర్టుకి పోతానంటావా మామా?"

కళ్లు గట్టిగా ఒకసారి మూసుకున్నాయి.

పదేళ్లుగా ఆ మాట ఎత్తితే తాళి చూపించి ఆపిన మనిషి లోకేశ్వరి. తోడబుట్టినవాడి మీద కేసు వేస్తే పుట్టింటికి పోతానని బెదిరించిన మనిషి. ఇప్పుడు ఆయన చేయి పట్టుకుని, "పోదాం మామా. చిత్తూరు కోర్టు మెట్లు నీ కాళ్లతో నువ్వెక్కు, కాగితాలు పట్టుకోని నేను వెనకాల వస్తా" అంది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఢిల్లీబాబు ఆమె ఏడుపును పట్టించుకోలేదు. అన్నను కొరకొరా చూస్తూ ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. జాహ్నవి ఒకసారి గడియారం వైపు, ఒకసారి ఆయన వైపు చూస్తోంది. రోజూ వదిలేసే సమయం ఎప్పుడో దాటిపోయింది. సెక్యూరిటీ అతను తలుపు తడితే ఆ పిల్లే పొమ్మని చేయి ఊపింది. చాలాసేపటికి డాక్టరు వచ్చి చూసి, ఈ పూటకు చాలని తన చేత్తోనే మిషను తగిలించాడు. "రేపు ఇంకా ఎక్కువసేపు చూద్దాం. ఆయన్నే మళ్లీ తీసుకురండి" అన్నాడు.

పరంధామయ్య బయటికి వచ్చి మెట్లమీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. శకుంతలమ్మ దూరంగా మూతి ముడుచుకుని నిలబడింది.

"వాడు నా పక్క చూసిన చూపు చూసినావా అమ్మా? పగోణ్ణి చూసినట్టు చూసినాడు."

"చూసినా బావా."

"వానితో మంచి అనిపించుకోవాలని వస్తి."

"ముందర బతకనీ బావా. అనిపించుకుందువు." ఆమె కూడా ఆయనకు కింది మెట్టుమీద కూర్చుంది. "రేపు కూడా రావాల నువ్వు. మిషను తీసేదాకా దినామూ రావాల."

పెద్దాయన ముక్కు తుడుచుకున్నాడు.

"ఉండేదంతా ఈ పొద్దే తిట్టేసినానమ్మా. రేపేమని తిట్టేది?"

లోకేశ్వరి ఆలోచించింది. ఇన్నేళ్లు కాపురం చేసింది. ఏ మాట అంటే ఆయన ఊగిపోతాడో, ఏ మాటకు రెండు పూటలు సంగటి మానేస్తాడో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

"డెయిరీకి ఆయన పోసే పాలల్లో నీళ్లు కలుపుతాడని ఊరంతా చెప్పుకుంటా ఉందని చెప్పు."

"ఆ మాట నేనెప్పుడూ అనలేదమ్మా. ఎవురూ అనలా."

"రేపు అను బావా," అంది లోకేశ్వరి.